పంతులమ్మ గొంతు

ఆ ఆదివారం పొద్దున ఆకాశం మూత పెట్టినట్టు ఉంది. మబ్బు కదలలేదు. వాన పడలేదు, ఎండా రాలేదు. ఎదురింటి గోడ మీద నీడ చూసి టైము చెప్పే అలవాటున్న మామగారు రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. రెండుసార్లూ ఏమీ చెప్పకుండా లోపలికి వెళ్ళిపోయారు.

వంటింట్లో పంతులమ్మ నోరు విప్పడం లేదు.

పంతులమ్మ అంటే మనిషి కాదు. బడిపిల్లల పలకంత యంత్రం. వంట పేరు మీద వేలు పెడితే ఎంతమందికి అని అడుగుతుంది. చెప్పాక ఒక్కో స్టెప్పూ చదువుతుంది, గ్రాములతో సహా. మూడు నెలల క్రితం కొడుకు తన రిపేరు షాపులో పాతదాన్ని బాగుచేసి, భార్య కోసం ఇంటికి తెచ్చి స్టవ్ పక్కన గోడకి ఆనించాడు. పంతులమ్మ అని పేరు పెట్టింది అత్తగారు. ముద్దొచ్చి పెట్టింది కాదు.

"నిన్న సాయంత్రం దాకా మాట్లాడింది కదా," అన్నాడు కొడుకు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని. "ఇవాళ ఏమొచ్చింది దీనికి?"

"నన్నడుగుతావేం? నేను దాని మొహం చూస్తానా?" అంది అత్తగారు వెల్లుల్లి ఒలుస్తూ.

"కింద చిల్లుల నిండా పిండి ఉందమ్మా. ఎవరో పిండి చేత్తో పట్టుకున్నారు."

అత్తగారు వెల్లుల్లి వైపే చూసింది. కోడలు అత్తగారి వైపు చూసింది. నిన్న రొట్టెల పిండి కలిపింది కోడలు కాదు. నిన్న సాయంత్రం కోడలు బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో చదువుతోంది. అదే ఆమె ఉద్యోగం.

"షాపుకి తీసుకెళ్ళి విప్పుతా. రేపు తెస్తా," అన్నాడు కొడుకు.

"ఇవాళ వద్దులేరా."

"ఎందుకు?"

"ఊరికే. ఇంటికి మనిషి వస్తోంది. అక్కడ బోసిగా ఉంటుంది."

కొడుకు నవ్వాడు. "బోసిగా ఉంటుందా? దాన్ని అటక మీద పడెయ్యమన్నది నువ్వే కదమ్మా. దాని గొంతు వింటే పాలు విరిగిపోతున్నాయన్నావు."

"అన్నాను. అయితే? నేనన్నవన్నీ రాసి పెట్టుకున్నావా?"

"పోనీ, ఇక్కడే విప్పి చూస్తా."

"విప్పు. పన్నెండున్నరకి ఆవిడ వస్తుంది. ఈలోగా తెచ్చి ఎక్కడిది అక్కడ పెట్టు. అంతే నేననేది."

ఆవిడ అంటే కాంట్రాక్టరమ్మ. మిల్లు మళ్ళీ తెరుస్తున్నారు. మిల్లుతోపాటు క్యాంటీనూ తెరుస్తున్నారు. మూడు వందల మందికి వండే ఆ క్యాంటీనులో పెద్దవంటకి ఒక మనిషి కావాలి. కాంట్రాక్టరమ్మ ముగ్గుర్ని అనుకుంది. ముగ్గురి ఇళ్ళకీ వెళ్ళి, ఇంట్లో వండింది తిని, అప్పుడు ఎవరో ఒకరిని తీసుకుంటానంది. శుక్రవారం ఒక ఇల్లు అయింది. శనివారం ఇంకొకటి అయింది. ఆదివారం ఈ ఇల్లు.

ఆ పని అత్తగారికి కావాలి. పాత క్యాంటీనులో ఆమె ఇరవై ఏడేళ్ళు వండింది. మిల్లు మూతపడి ఏడాదిన్నర. నలుగురున్న ఇంట్లో వంట గంటలో అయిపోతుంది. మిగిలిన పగలంతా ఏం చెయ్యాలో తెలియక, తోమిన గిన్నెలే మళ్ళీ తోముతోంది. గురువారం కబురు వచ్చిన దగ్గర్నుంచి ఆమె నడకే మారిపోయింది.

కొడుకు ముందుగదిలో మంచం మీద పేపరు పరిచి, పంతులమ్మ వెనక మూత విప్పాడు. అత్తగారు ఆ గదిలోకి ఒకసారి చీపురు కోసం వెళ్ళింది. ఒకసారి తువ్వాలు కోసం వెళ్ళింది. మూడోసారి దేనికోసం వెళ్ళిందో చెప్పలేకపోయింది.

"ఏమ్మా, దీనికి ఆపరేషనైతే నువ్వు కంగారు పడుతున్నావేంటి?"

"నాకేం కంగారు. పేపరు మీద నూనె పడుతుందేమోనని."

పదిన్నరకి కొడుకు దాన్ని తెచ్చి గోడకి ఆనించాడు. "గొంతు పోయింది. స్పీకరు కొత్తది వెయ్యాలి. స్క్రీన్ బాగానే ఉంది. చదువుకోవాలి, అంతే," అని చెప్పి, పక్కింట్లో కుర్చీ అడిగి తేవడానికి వెళ్ళాడు.

అత్తగారు పంతులమ్మ ముందు నిలబడి ఉండిపోయింది.

కోడలు పళ్ళేలు తుడుస్తూ ఉండగా మాడువాసన వచ్చింది. తలుపు దాకా వచ్చి చూసింది.

బాణలిలో ఉల్లిపాయలు నల్లబడుతున్నాయి. అత్తగారు ఆ బాణలి మీదుగానే వంగి ఉంది. కళ్ళద్దాలకి ఆవిరి పట్టింది. కొంగుతో తుడుచుకుంది, స్క్రీన్ వైపు చూసింది, మళ్ళీ ఆవిరి పట్టింది, మళ్ళీ తుడుచుకుంది. పొగ ఆమె మొహం మీదికే పోతోంది.

"అత్తయ్యా, మాడుతున్నాయి."

"ఏవి?"

కోడలు వచ్చి స్టవ్ ఆపింది. అత్తగారు బాణలిలోకి చూసింది. అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది.

"మీకు వాసన రాలేదా?"

"జలుబు చేసింది."

"మీకు జలుబు లేదు."

అత్తగారు మాడిన ఉల్లిపాయల్ని గరిటెతో ఒక పక్కకి తోసింది. మళ్ళీ రెండో పక్కకి తోసింది.

"ఆ జ్వరం అప్పట్నుంచా?" అంది కోడలు.

"జ్వరం తగ్గింది. ఇది రాలేదు."

"రుచి?"

"అదీ అంతే. వేడి తెలుస్తుంది. చల్లన తెలుస్తుంది. కారం ఎక్కువైతే నాలుక మండుతుంది. ఇంకేమీ లేదు. అట్టముక్క నమిలినట్టు ఉంటుంది."

జ్వరం వచ్చి నాలుగు నెలలైంది. కోడలు ఆ నాలుగు నెలల్నీ వెనక్కి తిప్పి చూసుకుంటోంది. చేతిలో పళ్ళెం పొడిగా ఉన్నా తుడుస్తూనే ఉంది.

"మరి నా కూరలో ఉప్పు లేదని మీకెలా తెలిసేది?"

అత్తగారు గరిటె గట్టు మీద పెట్టింది.

"రోజూ అన్నారు అత్తయ్యా. చప్పగా ఉందన్నారు. గడ్డి తిన్నట్టుందన్నారు. మీ అబ్బాయి ముందు అన్నారు, మా అమ్మ వచ్చినప్పుడు ఆమె ముందు అన్నారు. నాకే ఏదో రోగం వచ్చిందేమో, నా చేతికే రావడం లేదేమో అనుకున్నా. మీ అబ్బాయి ఈ పలక ఎందుకు తెచ్చాడు? నాకు వంట రాదనే కదా."

"నాకు చప్పగానే ఉండేది," అంది అత్తగారు. "అబద్ధం ఆడలేదు."

"మొదటి రోజు ఆడలేదు. తర్వాతో?"

"మొదటి వారం నీ వంటే అనుకున్నా. తర్వాత నేను వండుకున్నదీ అలాగే ఉంది. అప్పుడు తెలిసింది."

"తెలిశాకైనా ఆపచ్చు కదా."

"ఉన్నట్టుండి ఆపేస్తే నీకు అనుమానం వస్తుంది కదా."

కోడలికి నవ్వు రావలసిన చోట కోపం వచ్చింది, కోపం రావలసిన చోట నవ్వు వచ్చింది. రెండింటినీ మింగింది.

"పోయిన నెల పాలగిన్నె మాడింది. స్టవ్ మీద పెట్టి డ్యూటీకి పోయానని నన్ను వారం రోజులు సాధించారు."

"అది నేనే పెట్టాను."

"తెలుసు. ఇప్పుడు తెలిసింది."

బయట ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. ఇద్దరూ ఆ వైపు చూశారు. ఎవరూ లోపలికి రాలేదు.

"దీన్ని తిట్టి తిట్టి, మేమెవరం లేనప్పుడు దీని మాటే వింటున్నారన్నమాట," అంది కోడలు పంతులమ్మ వైపు గడ్డం చూపించి.

"వినక ఏం చెయ్యను? ఉప్పెంతో అది చెప్తుంది. నలుగురికీ ఐదుగురికీ ఎంత పడుతుందో, నా చేతి మీద నాకు నమ్మకం లేదు. మూడు వందల మందికైతే ఉంది. ఇంటికొచ్చేసరికి నాలుకతో చూసి సరిచేసుకునేదాన్ని. ఇప్పుడు అదీ లేదు." అత్తగారు గొంతు తగ్గించింది. "ఇవాళ ఒక్కరోజు నువ్వు నోట్లో వేసుకుని చూడు. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పు. చాలు."

"చెప్పను."

"నా మీద కసి తీర్చుకుంటున్నావా?"

"కసి ఉంది. లేదనను. కానీ దానికి కాదు. రేపు మూడు వందల మందికి వండేటప్పుడు ఎవరి నోరు పెడతారు? నన్ను బస్టాండు నుంచి పిలిపిస్తారా?"

"అయితే ఆవిడతో చెప్పేస్తావా?"

"అది మీరు చెప్పుకోవలసింది. నేను చెప్పను."

"చెప్తే నాకిస్తుందా ఆ పని?"

కుళాయి కింద గిన్నెలో నీళ్ళు నిండి పొర్లుతుంటే కోడలు వెళ్ళి కట్టేసింది.

"ఇదొక్కటి చేస్తా," అంది తిరిగి వచ్చి. "మీ కళ్ళద్దాలకి ఆవిరి పడుతోంది కదా, నేను చదువుతా. పంతులమ్మకి గొంతు పోతే నా గొంతు పెడతా. నాలుక మాత్రం పెట్టను."

"తూచేదెవరు?"

అడిగింది మామగారు. వెనక గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో చిన్న కాటా ఉంది.

"మీరెప్పుడొచ్చారు?" అంది అత్తగారు.

"ఉల్లిపాయలు మాడినప్పుడే వచ్చా."

"అన్నీ విన్నారా?"

"చెవులు పోలేదు కదా నాకు."

ఆయన మిల్లు గేటు దగ్గర వేబ్రిడ్జి మీద ముప్పై ఏళ్ళు లారీలు తూచారు. మాట తక్కువ మనిషి. ఇంట్లో ఏ సంచి తెచ్చినా ముందు చేత్తో ఎత్తి, ఇంత ఉంటుందని చెప్పి, తర్వాత కాటా మీద పెట్టి, సరిపోతే సంతోషపడేవారు.

"నాలుగు నెలలు నా పక్కన కూర్చుని తిన్నావు. నాకూ చెప్పలేదు," అన్నారు.

"చెప్తే ఏం చేసేవారు?"

"ఏం చేసేవాణ్ణి కాదు. తెలిసి ఉండేది." కాటా గట్టు మీద పెట్టారు. "నేను ముప్పై ఏళ్ళు లారీలు తూచా. లోపల ఏముందో నోట్లో వేసుకుని చూశానా? చదవండి. తూస్తా."

మళ్ళీ మొదలుపెట్టారు. కోడలు ఎంతమందికి అని అడిగింది. మనం నలుగురం, ఆవిడ, ఆవిడతో ఎవరైనా వస్తే ఇంకొకరు అని అత్తగారు లెక్క చెప్పింది. కోడలు ఆరు పెట్టింది. మాడిన బాణలి తీసి వేరేది పెట్టారు. కొత్తగా ఉల్లిపాయలు కోశారు.

కోడలు చదవడం బస్టాండులో చదివినట్టే ఉంది. పదానికి పదానికి మధ్య కాస్త ఎడం, అంకెల మీద కాస్త బరువు, చివర గొంతు దించడం. "రెండవ స్టెప్పు. అల్లం వెల్లుల్లి ముద్ద. నలభై గ్రాములు." మామగారు కాటా మీద గిన్నె పెట్టి, ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగపట్టి, "నలభై" అనేవారు. అత్తగారు వేసేది.

"మూడవ స్టెప్పు. కోడిమాంసం. పన్నెండు వందల గ్రాములు."

"ప్లాట్‌ఫారం నంబరు చెప్పలేదేం?" అంది అత్తగారు.

కోడలు నవ్వలేదు. కానీ తర్వాతి స్టెప్పు కొంచెం మామూలుగా చదివింది.

ఆరో స్టెప్పులో మూత పెట్టి ఇరవై నిమిషాలు వదిలెయ్యమని ఉంది. అత్తగారు చీర మార్చుకోవడానికి వెళ్ళింది. కోడలు ముందుగదిలో బల్ల సర్దడానికి వెళ్ళింది. మామగారొక్కరే వంటింట్లో మిగిలారు.

ఆయనకి మురికి పడదు. పంతులమ్మ స్క్రీన్ మీద పసుపు వేలిముద్రలు ఉన్నాయి, నూనె చుక్కలు ఉన్నాయి. వచ్చే మనిషి చూస్తే బాగుండదనుకున్నారు. భుజం మీది తువ్వాలు తీసి, కొస తడిపి, కింద నుంచి పైదాకా తుడిచారు. పై మూలలో ఎంతమందికి అన్న అంకె, దాని పక్కన పెంచడానికి ఒక చిన్న గుర్తు ఉంటాయి. అక్కడ పసుపు గట్టిగా పట్టింది. ఆ మూల పదిసార్లు రుద్దారు. మరక పోయింది. ఆరు పదహారైంది. ఆయన మరకనే చూశారు.

ఇరవై నిమిషాలకి ముగ్గురూ మళ్ళీ స్టవ్ దగ్గర చేరారు. అత్తగారు ఇస్త్రీ చీరలో ఉంది. మూత తీసి ముక్కని గరిటెతో నొక్కింది. మెత్తగా దిగింది.

"ఏడవ స్టెప్పు," అంది కోడలు. "ఉప్పు. ముప్పై రెండు గ్రాములు. బాగా కలిపి, మూత పెట్టి, సన్నమంట మీద పది నిమిషాలు."

మామగారు తూచారు. ముప్పై ఒకటి దగ్గర ఆగి, చిటికెడు వేసి, "ముప్పై రెండు" అన్నారు. అత్తగారి అరచేతిలో పోశారు.

అత్తగారు వెయ్యలేదు. చెయ్యి అలాగే చాచి ఉంచింది.

"ఎక్కువుంది ఇది."

"ముప్పై రెండే. పైన ఒక్క పలుకు లేదు," అన్నారు మామగారు.

"నా చెయ్యి ఎక్కువంటోంది."

"కాటా చూస్తావా?"

"కాటాని కాదు నేననేది. అమ్మాయ్, మళ్ళీ చదువు."

కోడలు మళ్ళీ చదివింది. అదే మాట, అదే అంకె. రాసి ఉన్నది ఉన్నట్టు చదవడం ఆమెకి పదేళ్ళ అలవాటు. బస్టాండులో చేతికొచ్చిన కాగితం మీద ఏ నంబరుంటే ఆ నంబరే చదవాలి, బస్సు నిజంగా అక్కడికే వస్తోందా అని కిటికీలోంచి చూడకూడదు. ఇక్కడా అంకెనే చూసింది. పైన మూల చూడలేదు.

అత్తగారు ఉప్పు వైపు చూస్తూ నిలబడింది. ఇరవై ఏడేళ్ళలో ఆ చెయ్యి ఒక్కసారి కూడా ఆమెని చిన్నబుచ్చలేదు. నాలుక కూడా అంతే, అరవై ఏళ్ళపాటు. అంత నమ్మిన నాలుక నాలుగు రోజుల జ్వరంలో పోయింది. చెయ్యి మాత్రం ఉంటుందని ఏముంది?

చెయ్యి వంచింది. ఉప్పు కూరలో పడింది.

ఒకరు చదివారు. ఒకరు తూచారు. ఒకరు వేశారు. గరిటె గట్టు మీదే ఉంది. కోడలు దాని వైపు ఒకసారి చూసి, అన్న మాట అన్న మాటేనన్నట్టు మొహం తిప్పుకుంది.

కాంట్రాక్టరమ్మ స్కూటరు మీద ఒక్కతే వచ్చింది. నలభై అయిదేళ్ళు ఉంటాయి. చేతుల మీద పాత కాలిన మచ్చలున్నాయి. గుమ్మంలో చెప్పులు విడిచి, కూర్చోమంటే కూర్చోకుండా, "ముందు వంటిల్లు చూస్తాను," అంది.

చూసింది. గిన్నెలు చూసింది, కత్తి పదును వేలితో చూసింది, చెత్తబుట్ట మూత ఎత్తి చూసింది. పంతులమ్మ దగ్గర ఆగింది.

"ఇది ఎవరిది?"

"మా కోడలిది," అంది అత్తగారు. కాస్త ఆగి, "నేనూ వాడతాను," అంది.

ముందుగదిలో ఉన్న కొడుకు తల ఎత్తి చూశాడు.

"మంచిదే. మా దగ్గర కూడా అన్నీ కొలతలే," అంది కాంట్రాక్టరమ్మ. "కాగితం ఉంటుంది, కాటా ఉంటుంది. ఆ ప్రకారం వండటానికి పిల్లలు బోలెడుమంది దొరుకుతారు. కొలతే తప్పు పడితే, ఇది తప్పని పట్టుకునే మనిషి దొరకడం లేదు. అందుకే ఇలా ఇళ్ళ వెంట తిరుగుతున్నా."

అత్తగారూ కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే బాగుండదని ఇద్దరికీ తెలిసింది.

బల్ల చుట్టూ ఐదుగురు కూర్చున్నారు. పక్కింటి కుర్చీ కాలు కాస్త పొట్టి. అందులో కొడుకు కూర్చున్నాడు. అత్తగారు అన్నం వడ్డించి, కూర వడ్డించి, తనూ కూర్చుంది. వచ్చినావిడే కూర్చోమంది. వండిన మనిషి నిలబడి చూస్తుంటే తనకి తిన్నట్టుండదంది.

మొదటి ముద్ద.

కొడుకు నమలడం ఆపాడు. అమ్మ వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. మామగారు మింగి, గ్లాసెత్తి సగం తాగారు. కోడలు ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు దించుకుంది.

కాంట్రాక్టరమ్మ మెల్లగా నమిలింది. మింగింది. గ్లాసు ఎత్తి, దించకుండా మొత్తం తాగింది.

అత్తగారు తింటోంది. రెండో ముద్ద తింది, మూడోది తింది. చూపంతా కాంట్రాక్టరమ్మ మొహం మీదే ఉంది. గ్లాసు ఖాళీ అవడం చూసి నీళ్ళు పోసింది. మిగతా వాళ్ళ పళ్ళేల్లో చేతులు కదలకపోవడం అప్పుడు చూసింది.

"నీళ్ళు తెస్తా," అని కోడలు లేచింది.

జగ్గులో నీళ్ళు ఉన్నాయి. అయినా వంటింట్లోకి వెళ్ళింది. పంతులమ్మ ఏడో స్టెప్పు దగ్గరే ఉంది. అద్దంలా మెరిసిపోతోంది. పై మూలలో పదహారు అని ఉంది.

చెయ్యి గట్టు మీద పెట్టుకుని కాసేపు నిలబడింది. ఇంతకాలం తనది కాని తప్పు తన మీద పడింది. ఇవాళ్టిది సగం తనదే. పైగా గరిటె పక్కనే ఉంది. ఒక్కసారి నాలుక మీద పెట్టుకుని ఉంటే సరిపోయేది.

తిరిగి వెళ్ళి కూర్చుంది.

"పదహారు మందికి లెక్క చెప్పింది అది," అంది. "నేను పైన చూసుకోలేదు. చదివింది నేనే."

మామగారు తన భుజం మీది తువ్వాలు వైపు చూసుకున్నారు. తడి కొస ఇంకా పసుపుపచ్చగా ఉంది. "తూచింది నేను," అన్నారు. "తుడిచిందీ నేనే."

"అసలేం జరుగుతోంది?" అన్నాడు కొడుకు.

కాంట్రాక్టరమ్మ అత్తగారి వైపే చూస్తోంది. "సరే అమ్మా. వాళ్ళు చదివారు, తూచారు. వేసింది మీరు కదా. వేశాక నోట్లో వేసుకుని చూడలేదా?"

ఆ ప్రశ్నకి మూడు జవాబులున్నాయి. మర్చిపోయానని చెప్పచ్చు. కోడలు చూసి బాగుందందని చెప్పచ్చు. అలా చెప్పినా ఆ అమ్మాయి కాదనదని అత్తగారికి ఎందుకో అనిపించింది. కోడలు తల వంచుకుని ఉంది. ఆమె చెవుల చివర్లు ఎర్రగా ఉన్నాయి.

అత్తగారు చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టింది.

"చూసినా తెలియదమ్మా. నాకు రుచి పోయింది. వాసనా పోయింది. నాలుగు నెలలైంది."

కొడుకు కుర్చీ ఒక పక్కకి ఒరిగి మళ్ళీ నిలబడింది.

"మరి ఇప్పుడు తింటున్నారు?"

"వేడిగా ఉంది. ముక్క ఉడికింది. అంతవరకే నాకు తెలిసేది. ఉప్పు విషమైందని మీ మొహాలు చూసి తెలుసుకున్నా."

అత్తగారు ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనన్నట్టు.

"నాలుగు నెలలూ ఈ పిల్ల వంట బాగాలేదని వంక పెట్టాను. దాని చేతిలో ఏ లోపమూ లేదు."

కొడుకు భార్య వైపు చూశాడు. ఆమె చూడలేదు.

"వేసేటప్పుడు మీకేమీ తోచలేదా?" అంది కాంట్రాక్టరమ్మ. "ఊరికే వేసేశారా?"

"చెయ్యి చెప్పింది, ఎక్కువుందని. పైకే అన్నాను. మళ్ళీ చదివించాను. అదే అంకె వచ్చింది." అత్తగారు తన అరచెయ్యి వైపు చూసుకుంది. అన్నం మెతుకులు అంటుకుని ఉన్నాయి. "నేనే నమ్మలేదు దాన్ని."

"ఎంత ఎక్కువనిపించింది?"

"రెండింతలు దాటింది."

కాంట్రాక్టరమ్మ మనసులో ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కాసేపు గోడ వైపు చూసింది. తర్వాత అన్నం గిన్నె తన వైపు లాక్కుని, రెండు గరిటెల అన్నం తనే వేసుకుంది. కూరలోంచి ఒక్క ముక్క తీసి, పులుసు అంచుకి పిండేసి, అన్నంలో కలుపుకుంది. తినడం మొదలుపెట్టింది.

మామగారు కూడా అన్నం వేసుకున్నారు. కొడుకు వేసుకున్నాడు. కోడలు అత్తగారి పళ్ళెం చూసి, అక్కడా ఒక గరిటె వేసింది. అత్తగారు వద్దనలేదు.

ఎక్కువ అన్నంలో తక్కువ కూర కలుపుకుని, మధ్యమధ్య నీళ్ళు తాగుతూ తిన్నారు. కుర్చీ కాలు అప్పుడప్పుడు నేలకి తగిలి చప్పుడు చేసింది. అత్తగారు కూడా తింది, అందరిలాగే మెల్లగా, ఒక్కో ముద్ద చూసుకుంటూ.

కాంట్రాక్టరమ్మ ఆఖరి మెతుకు దాకా తింది. లేవలేదు. చెయ్యి పళ్ళెంలోనే ఆనించి, పని ఇవ్వాలో వద్దో తేలనట్టు అత్తగారి అరచెయ్యి వైపే చూస్తూ కూర్చుంది.

ఆవిడ లేవకుండా ఎవరూ లేవలేదు. ఐదుగురి చేతులూ పళ్ళేల్లోనే ఎండిపోయాయి.